మూర్ఛయా? పిచ్చియా?

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలలో వాకిలి కాచే కుక్క ఒకనాడు నురుగు కక్కుతూ పడి కొట్టుకొంటే, "పిచ్చెక్కింది" అని కర్ర అందుకొనే వారుంటారు. వీధికుక్కయైతే దూరముండుటే క్షేమం. ఏటేటా రేబిస్ టీకా వేయించిన పెంపుడు కుక్కకు వచ్చినది మూర్ఛ కావచ్చు.

అప్పుడు దాని నోట చేయి పెట్టరాదు, నీరు పోయరాదు. చుట్టూ ఉన్న వస్తువులు తొలగించి గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ప్రాణాపాయం. వెంటనే పశువైద్యుని కడకు చేర్చాలి. తెలివి వచ్చిన పిదప కొంతసేపు అది యజమానినే గుర్తించకపోవచ్చు, కసరరాదు.

1912లో మానవుల మూర్ఛకు మందుగా తేలిన ఫెనోబార్బిటాల్‌ను నేడు కుక్కలకూ ఇస్తున్నారు. వైద్యుడు చెప్పనిదే దానిని హఠాత్తుగా మాన్పరాదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని కోరుట్లలో పశువైద్య కళాశాలయే ఉన్నది.

రాత్రులన్నీ మనకు కాపలా కాచిన ప్రాణికి ఆ ఐదు నిమిషాలు మనం కాపలా ఉండలేమా?