ఈ పాత బండి లాగుతుందా?

తెలుగులో ‘లాగడం’ అనే మాట ఉంది. ఎద్దులు బండిని లాగుతాయి. మనిషి సంసారాన్ని లాగుతాడు. బరువు మరీ ఎక్కువైతే ‘ఇక నావల్ల కాదు, లాగలేను’ అంటాడు. మన పిల్లలు కూడా రోజూ ‘లాగ్’ అంటారు, కానీ అది ఇంగ్లీషు మాట. ఆటలో బొమ్మ ఆగి ఆగి కదిలితే ‘లాగ్ అవుతోంది’ అంటారు. అంటే తెలుగులో లాగలేని కంప్యూటరే ఇంగ్లీషులో లాగ్ అవుతుంది! ఇంట్లో అమ్మమ్మ, మనవడు ఈ మాట మీద ఎంతసేపు మాట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి ఎందుకు అందదో ఇప్పుడు అర్థమైందా?

ఈ మధ్య మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఇదే. చవకగా దొరుకుతున్న ఈ కంప్యూటర్ కొత్త ఆన్‌లైన్ ఆటను లాగుతుందా?

చవక కంప్యూటర్లు ఇప్పుడు బాగా కనిపించడానికి ఒక కారణం ఉంది. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి మామూలు సహాయం ఆపేసింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఆఫీసులు వాటిని తీసేస్తున్నాయి. ఆప్టిప్లెక్స్, థింక్‌సెంటర్, ఎలైట్‌డెస్క్ అనే పేర్లున్న నల్లటి పెట్టెలు సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో రెండు మూడు వందల డాలర్లకే కనిపిస్తున్నాయి. కొందరు వాటినే కొని, రంగురంగుల లైట్లు పెట్టి, ‘గేమింగ్ పీసీ’ అని రాసి అమ్ముతున్నారు.

సిడ్నీలో ఉండే మా మేనల్లుడు అలాంటి ప్రకటన ఒకటి నాకు చూపించాడు. వాడికి పదమూడేళ్ళు. వాడి దగ్గర మూడు వందల డాలర్లు ఉన్నాయి. అందులో యాభై మా అమ్మ ఇచ్చింది. వాడి పెద్దమ్మ కొడుకులు ఫిజీలో, లౌటోకాలో ఉంటారు. ఆ అన్నలతో కలిసి ఆడాలని వాడి కోరిక. అన్నదమ్ములు కలిసి నవ్వుకునేది ఇప్పుడు ఆ ఆటల్లోనే. పెళ్ళిళ్ళకు వెళ్ళి కలుసుకోవాలంటే విమానం టికెట్లు కొనాలి కదా.

వాడు ఆడాలనుకున్న ఆట ‘మార్వెల్ రైవల్స్’. 2024 డిసెంబర్ 6న వచ్చింది. ఆరుగురు ఒకవైపు, ఆరుగురు ఇంకోవైపు ఉండి ఆడతారు. ఆట ఉచితం. ఆటే ఉచితం, దాన్ని లాగే బండి కాదు.

ప్రకటనలో ఇలా ఉంది: గేమింగ్ పీసీ, ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, లైట్లు, 280 డాలర్లు. గ్రాఫిక్స్ కార్డు గురించి ఒక్క మాట లేదు.

గిర్మిట్ కాలంలో ఓడ ఎక్కే ప్రతి మనిషికీ ఒక పాస్ రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు అన్నీ అందులో ఉండేవి. ముత్తాతది ఏ ఊరో చాలామందికి తెలిసింది ఆ కాగితం వల్లే. అందులో ‘రామయ్య, మద్రాసు నుంచి’ అని మాత్రమే రాసి ఉంటే మనం ఎవరిని వెతుకుతాం? ‘ఐ5’ అని మాత్రమే రాసిన ప్రకటన కూడా అంతే. ఐ5 అనేది ఇంటిపేరు లాంటిది. మొదటి ఐ5 2009లో వచ్చింది. ఈ పదిహేనేళ్ళకు పైగా ఆ ఇంట్లో ఎంతోమంది పుట్టారు. అందరికీ ఒకే బలం ఉండదు.

కాబట్టి ఐ5 తరువాత వచ్చే అంకెలు అడగాలి. ఐ5-6500 అంటే ఆరో తరం, 2015 నాటిది. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, 2018 నాటిది. ఇంటెల్ ప్రాసెసర్లలో విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేవి ఇంచుమించు ఎనిమిదో తరం నుంచే. మా వాడు అమ్మే మనిషిని అడిగితే ‘6500’ అని జవాబు వచ్చింది.

అమ్మే మనిషికి కూడా తెలియకపోతే? కంప్యూటర్ ఆన్ చేసి, కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కమనండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట ప్రాసెసర్, మెమరీ, డిస్క్, గ్రాఫిక్స్ నాలుగూ పేర్లతో సహా కనిపిస్తాయి. ఆ నాలుగింటికీ ఫోటోలు పంపమని అడగండి. నిజాయితీగా అమ్మేవాడికి ఇది రెండు నిమిషాల పని. పంపనంటే నేనైతే ఆ బేరం వదిలేస్తాను.

ఇక రెండో కాగితం ఆట తయారు చేసినవాళ్ళది. ప్రతి ఆటకూ ‘కనీసం ఇది ఉండాలి’ అనే పట్టిక ఉంటుంది. మార్వెల్ రైవల్స్ పట్టికలో ప్రాసెసర్ ఐ5-6600కే, ర్యామ్ 16 జీబీ, ఖాళీ స్థలం 70 జీబీ. గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060 ఆరు జీబీది, లేదా ఆర్ఎక్స్ 580, లేదా ఇంటెల్ ఆర్క్ ఏ380. ‘కనీసం’ అంటే ఆట తెరుచుకుంటుంది, సెట్టింగులు తగ్గించి ఆడవచ్చు అని అర్థం. హాయిగా ఆడవచ్చని కాదు. హాయిగా ఆడాలంటే దాని పక్కనే ఉన్న రెండో పట్టిక చూడాలి.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. ప్రాసెసర్‌లో పెద్ద తేడా లేదు. 6600కే కంటే 6500 కొంచెం నెమ్మది, అంతే. డిస్క్‌లో చోటు ఉంది. ర్యామ్ సగమే ఉంది, కానీ ఇంకొకటి కొని పెట్టుకోవచ్చు. అసలు చిక్కు గ్రాఫిక్స్ దగ్గర వచ్చింది.

ఆట బొమ్మను తెర మీద గీసేది గ్రాఫిక్స్. అది రెండు రకాలు. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. దానికి సొంత మెమరీ ఉండదు, కంప్యూటర్ ర్యామ్‌లోనే కొంత వాడుకుంటుంది. ఇంకొకటి విడిగా కొని పెట్టే కార్డు. దానికి సొంత మెమరీ, సొంత ఫ్యాను ఉంటాయి. ఆ 280 డాలర్ల పెట్టెలో ఉన్నది మొదటి రకం, ఇంటెల్ హెచ్‌డీ 530. లెక్కలు వేయడానికి, సినిమా చూడడానికి అది చాలు. మార్వెల్ రైవల్స్‌కు చాలదు. ఎన్ని లైట్లు వెలిగినా చాలదు.

‘మరి కార్డు కొని పెడితే?’ అన్నాడు మా వాడు. మంచి ప్రశ్నే. కానీ ఆఫీసు పెట్టెల్లో చాలావరకు సన్నగా ఉంటాయి. మామూలు ఎత్తు కార్డు వాటిలో పట్టదు, సగం ఎత్తు కార్డులే పడతాయి. వాటి కరెంటు సరఫరా కూడా చిన్నది. కార్డుకు విడిగా కరెంటు తీగ ఉండదు కాబట్టి మదర్‌బోర్డు ఇచ్చే 75 వాట్లతోనే అది నడవాలి. అలా నడిచే వాటిలో జీటీఎక్స్ 1650 ఒకటి. అయితే అది పట్టికలోని 1060 కంటే కాస్త తక్కువే. పట్టికలో ఉన్న ఆర్క్ ఏ380లో కూడా చిన్న కార్డులు దొరుకుతాయి. కానీ ‘రీసైజబుల్ బార్’ అనే సౌకర్యం లేని పాత మదర్‌బోర్డులో అది నీరసంగా పనిచేస్తుంది. పట్టికలో పేరు ఉన్నంత మాత్రాన మన పెట్టెలో పని జరుగుతుందని కాదు.

అంకెలు చూసి మోసపోయే చోటు ఇంకొకటి ఉంది. జీటీ 1030 అనే కార్డు ఉంది. పేరు 1060కి దగ్గరగా ఉంటుంది, బలం మాత్రం చాలా తక్కువ. చివరి రెండు అంకెలే బలాన్ని చెబుతాయి. 30 కంటే 60 చాలా పెద్దది. 1060లోనే మూడు జీబీది, ఆరు జీబీది అని రెండు ఉన్నాయి. ప్రకటనలో ‘1060’ అని మాత్రం రాస్తే అది ఏదో అడగండి.

కొత్త ల్యాప్‌టాప్ అయితే ఈ బాధ ఉండదనుకునేవాళ్ళు చాలామంది. స్కూళ్ళు తెరిచే ముందు సేల్‌లో వచ్చే చవక ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ ఎంతో చూశారా? కొన్నింటిలో 64 జీబీయే. ఆటకు కావలసింది 70. ఇల్లు కంటే ఏనుగు పెద్దది! క్రోమ్‌బుక్ అయితే విండోస్ ఆటలు దానిలో నడవవు, కాబట్టి దాని సంగతి ఇక్కడితో సరి.

అన్నలకు ఫోన్ చేసి వాళ్ళ దగ్గర ఏముందో అడగమన్నాను. లౌటోకాలో ఉన్నది ఒక పాత ల్యాప్‌టాప్. దానిలోనూ విడి గ్రాఫిక్స్ కార్డు లేదు. అంటే మా వాడు ఇక్కడ మూడు వేల డాలర్లు పెట్టి కొన్నా అన్నలతో మార్వెల్ రైవల్స్ ఆడలేడు. కలిసి ఆడేటప్పుడు ఏ ఆట ఆడాలో నిర్ణయించేది అందరిలోకీ బలహీనమైన కంప్యూటరే. కొనేముందు ఈ ఒక్క ఫోన్ చేసేవాళ్ళు తక్కువ.

అందుకని ఆటనే మార్చి చూశాం. 2020 జూన్‌లో వచ్చిన ‘వాలరెంట్’ కూడా ఉచితమే. దాని పట్టికలో కనీసం అడిగేది కోర్ 2 డ్యువో ఈ8400, నాలుగు జీబీ ర్యామ్, ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్. ఆ ప్రాసెసర్ 2008 నాటిది. సెకనుకు 30 బొమ్మలు చూపించడానికి అది చాలని వాళ్ళ లెక్క. సెకనుకు 60 వస్తే కంటికి సాఫీగా ఉంటుంది. ఆఫీసుల నుంచి వచ్చే పాత తెరలు ఎక్కువగా చూపించగలిగేదీ అరవయ్యే. ఈ ఆటకు ఒక షరతు మాత్రం ఉంది. విండోస్ 11 మీద ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. మోసం చేసి ఆడేవాళ్ళను ఆపడానికి పెట్టిన తాళాలు ఇవి.

చివరికి మా వాడు లైట్ల పెట్టె వదిలేశాడు. ఒక దుకాణంలో 230 డాలర్లకు ఆఫీసు పెట్టె కొన్నాడు. ఐ5-8500, ఎనిమిదేసి జీబీల ర్యామ్‌లు రెండు, ఒక ఏడాది వారంటీ. ర్యామ్ ఒకే ముక్కగా కాకుండా రెండుగా ఉంటే విడి కార్డు లేని కంప్యూటర్‌కు మేలు, రెండు దారుల్లో నీళ్ళు పారినట్టు. లైట్లు లేవని వాడు రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ‘చదువుకోడానికి పనికొస్తుందా?’ అని మా అమ్మ అడిగింది. పనికొస్తుంది.

కంప్యూటర్ ఎంత మంచిదైనా తగ్గించలేనిది దూరం. సిడ్నీకి పెర్త్ ఎంత దూరమో సువా కూడా ఇంచుమించు అంతే, మూడు వేల రెండు వందల కిలోమీటర్ల పైమాట. సిడ్నీ, సువాల మధ్య సముద్రం అడుగున సదరన్ క్రాస్ కేబుల్ 2000 సంవత్సరం నుంచి ఉంది. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. అంటే వెళ్ళి రావడానికి సెకనులో వెయ్యో వంతులు కనీసం 32 పడతాయి. నిజంగా అంతకంటే ఎక్కువే పడుతుంది. అయినా ఆటకు అది పెద్ద అడ్డంకి కాదు. ముత్తాతలు వారాల తరబడి దాటిన సముద్రమే ఇది.

పిల్లలు ‘లాగ్’ అన్నప్పుడు అది దూరం తప్పా, కంప్యూటర్ తప్పా అని తేల్చడానికి ఒక గుర్తు ఉంది. తెర మొత్తం ఆగి ఆగి కదిలితే కంప్యూటర్ లాగడం లేదు. తెర సాఫీగానే ఉండి, ఎదుటి ఆటగాళ్ళు మాత్రం ఒకచోట మాయమై ఇంకోచోట తేలితే అది ఇంటర్నెట్. రెండోదానికి కొత్త కంప్యూటర్ కొనడం డబ్బు దండగ. ముందు వైఫై వదిలి తీగ పెట్టి చూడండి.

ఇంకో మాట, ఇది ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకు. 2011 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల చట్టం ప్రకారం, ‘ఫలానా పని కోసం కొంటున్నాను’ అని దుకాణానికి ముందే చెప్పి, వాళ్ళ మాట నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ పనికి పనికిరావాలి. సెకండ్‌హ్యాండ్ వస్తువైనా సరే. కానీ ఇంటి దగ్గర తన సొంత కంప్యూటర్ అమ్ముకునే మామూలు మనిషికి ఈ బాధ్యత లేదు. అందుకే ముప్ఫై, నలభై డాలర్లు ఎక్కువైనా నేను దుకాణమే నయమంటాను.

డబ్బు పెట్టి కొనే ఆటలకూ ఈ చట్టం వర్తిస్తుంది. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ అమెరికాది. ఆస్ట్రేలియా వినియోగదారుల సంఘం ఏసీసీసీ 2014లో దాని మీద కేసు వేసింది. డబ్బు వాపసు హక్కు గురించి కొనేవాళ్ళకు తప్పు చెప్పారని 2016లో ఫెడరల్ కోర్టు తేల్చి, ముప్ఫై లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఇప్పుడు స్టీమ్‌లో కొన్న ఆటను పద్నాలుగు రోజుల లోపల, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే మామూలుగా వాపసు ఇవ్వవచ్చు. ఆ రెండు గంటలు మీ కంప్యూటర్‌కు పరీక్ష అనుకోండి. మొదటి పావుగంట చూసి సంతోషపడకండి. పదిమంది ఒకేచోట కొట్టుకునే ఘట్టం వరకూ ఆడి చూడండి. పాత బండి కూలబడేది ఆ ఎత్తు దగ్గరే.

దుకాణానికి రాసేటప్పుడు ఆట పేరు, మీకు కావలసిన సెట్టింగులు రెండూ రాయండి. ఫోన్‌లో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు. ఈమెయిల్ పంపి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ఆ జవాబును రసీదుతో పాటు దాచుకోండి.