ముందు విమానం కొని, తర్వాత నేర్చుకోవచ్చా?

కోయంబత్తూరు, మధురై ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో యాభై దాటాక విమానం నడపడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. "ముందు ఓ పాత సెస్నా కొనెయ్యండి నాయుడుగారూ. దానిమీదే నేర్చుకుంటే క్లబ్బుకు గంటగంటకూ కట్టే డబ్బు మిగులుతుంది. లైసెన్సు వచ్చేసరికి విమానమూ చేతిలో ఉంటుంది." పీలమేడులోనూ, రాజపాలయంలోనూ ఇదే మాట. దీన్ని నమ్మి వైద్య పరీక్షకైనా వెళ్లకుండా అడ్వాన్సులు కట్టేవాళ్లున్నారు. టార్పాలిన్ కింద తుప్పుపడుతున్న విమానాలకు మూలం ఇదే.

ఈ మాటకు బలంగా కోయంబత్తూరు ఆవిష్కర్త జి.డి. నాయుడు పేరు తెస్తారు. ఆయన ఏ కాలేజీలో చదివారు? 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య బస్సు తానే నడపలేదా? నడిపారు. అందులో సందేహం లేదు. కానీ బస్సు చెడితే రోడ్డు పక్కన ఆగుతుంది, మూత తీసి చూసుకోవచ్చు. విమానానికి ఆ అవకాశం లేదు. నేల మీద ఉన్నప్పుడు కూడా యజమాని తనకు తోచినట్టు ఇంజిను విప్పకూడదు. లైసెన్సున్న ఇంజినీరు పని చేసి లాగ్‌బుక్కులో సంతకం పెడితేనే అది ఎగరాలి. 1937లోనే డి. బాలసుందరం నాయుడు ఎలక్ట్రిక్ మోటారు చేసి చూపించిన ఊరు కోయంబత్తూరు. యంత్రం మీద మనవాళ్లకున్న ధీమా ఊరికే రాలేదు. అయితే ఫార్ములా మారుతి రేసు కార్లను తయారుచేసిన ఎస్. కరివర్ధన్ కన్నా యంత్రాలు తెలిసినవాళ్లు ఇక్కడ ఎందరు? 1995లో ఆయన్ను విమాన ప్రమాదంలోనే పోగొట్టుకున్నాం. దాని కారణాల జోలికి వెళ్లను. యంత్రం తెలిసినంత మాత్రాన గాలిలో రక్షణ దొరకదని గుర్తుచేయడానికే ఆ పేరు తలుచుకుంటున్నాను.

ఇక డబ్బు మిగులుతుందనే లెక్క. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి. వయసు మీదపడ్డాక నేర్చుకునేవాళ్లకు ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ శిక్షణ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలో జరగాలి. మీరు కొన్న విమానం ఇంట్లో ఉన్నంత మాత్రాన అది శిక్షణ విమానం అయిపోదు. ఎగిరినా ఎగరకపోయినా పార్కింగు, బీమా, ఏటేటా ఎయిర్‌వర్దీనెస్ తనిఖీ ఖర్చు తప్పవు. కొత్తగా నేర్చుకునేవాడి ల్యాండింగుల్లో ముందు చక్రం, టైర్లు, బ్రేకులు తినే దెబ్బలు క్లబ్బు విమానానికైతే గంట రుసుములో కలిసిపోతాయి, సొంతదానికైతే మీ జేబులోంచి పోతాయి. ఆ విమానం మీ వైద్య పరీక్ష కోసం, మీ తీరిక కోసం, వర్షాల కోసం నిలబడి ఉన్న నెలల్లో ఇంజిను లోపల ఏం జరుగుతుందో అమ్మేవాడు చెప్పడు.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బేరాల్లో ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. "గంటలు తక్కువ, కొత్త ఇంజిను లాంటిదే" అంటారు. చాలా సెస్నాల్లో ఉండే లైకమింగ్ ఇంజిన్లలో, కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది. విమానం కదలకుండా ఉంటే ఆయిలంతా కిందికి జారిపోయి ఆ ఉక్కు తేమగాలికి బయటపడుతుంది. తుప్పు చుక్కలు పడితే, మళ్లీ నడిపినప్పుడు అవి క్యామ్‌నీ లిఫ్టర్లనీ కొరికేస్తాయి. అప్పుడప్పుడు నేలమీద స్టార్టు చేసి ఆపేయడం మందు కాదు. ఆయిల్లో చేరిన నీరు ఆవిరయ్యేంత వేడి అలా పుట్టదు. అందుకే ఈ ఇంజిన్లకు ఓవర్‌హాల్ గడువును గంటల్లో మాత్రమే లెక్కపెట్టరు, 12 ఏళ్ల గడువు కూడా పెట్టారు. పదేళ్లలో 150 గంటలు ఎగిరిన ఇంజిను కన్నా ప్రతివారం ఎగిరి 1,200 గంటలు పూర్తిచేసిన ఇంజినునే నేను ముందు చూస్తాను.

ఒక్క విషయంలో మాత్రం ఆ సలహాదారులతో ఒప్పుకోక తప్పదు. "చిన్న ఇంజిను వద్దు" అంటారు. మామూలుగా అది గొప్పకోసం చెప్పే మాటే, కానీ మన ఎండలో కొంత నిజముంది. కోయంబత్తూరు రన్‌వే సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున ఉంది. 36 డిగ్రీల ఎండలో గాలి పలచబడి, రెక్కకూ ఇంజినుకూ అది 4,000 అడుగులు దాటిన ఊరిలా ఉంటుంది. 110 గుర్రాల సెస్నా 152 బరువు పరిమితి 757 కిలోలు. ఖాళీ విమానం దాదాపు 500, నిండా ఇంధనం 70. మిగిలేది 187. ఇద్దరు నిండు మనుషులు, ఒక సంచీ, అంతే. వేడి మధ్యాహ్నం అది బద్ధకంగా పైకెక్కుతుంది. కోయంబత్తూరు నుంచి మధురైకి నేరుగా గీత గీస్తే సుమారు 175 కిలోమీటర్లు, దారి పళని మీదుగా పోతుంది. కుడిచేతివైపున 2,000 మీటర్లు దాటిన కొండలుంటాయి. నైరుతి రుతుపవనాల నెలల్లో పాలక్కాడు కనుమలోంచి దూసుకొచ్చే గాలి చిన్న విమానాన్ని బాగా ఊపేస్తుంది. భార్యాభర్తలిద్దరూ సామానుతో వెళ్లాలనుకుంటే 160 గుర్రాల సెస్నా 172 లాంటిది అవసరమే. అంతకుమించి అక్కర్లేదు. వేగం, ముడుచుకునే చక్రాలు, బోలెడన్ని లీవర్లు ఉన్నవాటి జోలికి మొదటి విమానంగా పోకండి. వీ ఆకారపు తోకున్న బొనాంజాకు అమెరికాలో "డాక్టర్లను చంపే విమానం" అని పేరొచ్చింది. కొనే స్తోమత ఉండి, సాధనకు తీరిక లేనివాళ్ల చేతిలో అది పడడమే అందుకు కారణం.

మిగతా మాటలకు ఇంత చోటు అనవసరం. యాభై దాటితే లైసెన్సు ఇవ్వరంటారు, అబద్ధం. ప్రైవేట్ లైసెన్సుకు పై వయసు పరిమితి లేదు, క్లాస్ 2 వైద్య పరీక్షలో నెగ్గాలి, అంతే. మైక్రోలైటుకు లైసెన్సు అక్కర్లేదంటారు. దానికీ లైసెన్సు కావాలి, వీటీ అక్షరాలతో రిజిస్ట్రేషనూ కావాలి. ఒకే ఇంజినున్న విమానం, ఆ ఇంజిను ఆగితే రాయిలా పడుతుందంటారు. అదీ నిజం కాదు. 172 ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ గాలిలేని రోజున సుమారు రెండున్నర కిలోమీటర్లు జారుతూ వెళ్లగలదు.

కాబట్టి ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లండి. బీపీ, షుగరు దాచకండి. అవి అదుపులో ఉంటే చాలావరకు తలుపు మూసుకుపోదు, దాస్తే మూసుకుపోతుంది. తర్వాత క్లబ్బు విమానం మీద లైసెన్సు తెచ్చుకుని, ఇంకో ఏడాది అద్దె విమానాల్లోనే తిరగండి. నెలకు ఎన్ని గంటలు నిజంగా ఎగిరారో అప్పుడు మీ లాగ్‌బుక్కే చెబుతుంది. అది రెండు మూడు గంటలు దాటకపోతే ఒక్కరే కొనకండి, ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కోండి. విమానమూ తుప్పుపట్టకుండా ఎగురుతూ ఉంటుంది. బేరానికి వెళ్లినప్పుడు ఇంజిను, ప్రొపెల్లరు, బాడీ లాగ్‌బుక్కులు మూడూ మొదటి పేజీ నుంచి అడిగి తీసుకోండి. అమ్మేవాడి ఇంజినీరు కాకుండా మీరు డబ్బిచ్చి తెచ్చుకున్న ఇంజినీరు చూడాలి. సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి, ఒక సిలిండరు తీయించి క్యామ్ చూపించమనండి. ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి. తనిఖీలో లోపం బయటపడితే అడ్వాన్సు పూర్తిగా తిరిగిచ్చే షరతు కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు చెల్లించండి.