మౌస్‌కి డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కావాలా? ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఇది చదవండి

కొత్త మౌస్ కొనగానే చాలామంది చేసే మొదటి పని, గూగుల్‌లో దాని పేరు కొట్టి పక్కన "డ్రైవర్ డౌన్‌లోడ్" అని టైప్ చేయడం. పోయిన వారం మా జూనియర్ ఒకడు కూడా ఇదే అడిగాడు. "అన్నా, ఏడు బటన్లు ఉన్నాయి, డ్రైవర్ వేయకపోతే పనిచేయవేమో" అని. ముందు ప్లగ్ చేసి చూడరా అన్నాను. పనిచేసింది.

ఎందుకంటే యూఎస్‌బీ మౌస్‌లన్నీ హెచ్ఐడీ అనే ఒకే స్టాండర్డ్‌లో కంప్యూటర్‌తో మాట్లాడతాయి. ఆ డ్రైవర్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ ముందే ఉంటుంది. కర్సర్, క్లిక్కులు, స్క్రోల్, పక్కనుండే బ్యాక్, ఫార్వర్డ్ బటన్లు... మామూలుగా వీటికి ఇంకేమీ అక్కర్లేదు. కంపెనీలు ఇచ్చే జీ హబ్, సినాప్స్, ఐక్యూ లాంటివాటిని మనం డ్రైవర్ అని పిలుస్తాం గానీ, మనం వాడేది మాత్రం సెట్టింగ్స్ యాప్‌గానే. డీపీఐ మార్చడం, బటన్‌కి వేరే పని ఇవ్వడం, లైట్లు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్... ఇంతే.

కాబట్టి నేను ఏ మౌస్ విషయంలోనైనా ముందు చూసేది ఒక్కటే: సెట్టింగ్స్ ఎక్కడ సేవ్ అవుతున్నాయి? మౌస్‌లోనా, పీసీలోనా?

మౌస్‌లోనే చిన్న మెమరీ ఉంటే, బాక్స్ మీద ఆన్‌బోర్డ్ మెమరీ అని రాసి ఉంటుంది. అలాంటిదైతే యాప్ వేసి, డీపీఐ, పోలింగ్ రేట్, బటన్లు సెట్ చేసి, మౌస్‌లోకి సేవ్ చేసి, యాప్‌ని తీసేయొచ్చు. నేను చేసేది ఇదే. ఆఫీస్ సిస్టమ్‌లో మనకు అడ్మిన్ రైట్స్ ఎలాగూ ఇవ్వరు కదా, ఇంట్లో సెట్ చేసిన మౌస్ అక్కడా అలాగే పనిచేస్తుంది. నిజంగా సేవ్ అయిందో లేదో తెలియాలంటే యాప్ లేని వేరే పీసీకి ప్లగ్ చేసి చూడండి. లాజిటెక్ జీ సిరీస్ వాళ్లకైతే ఆన్‌బోర్డ్ మెమరీ మేనేజర్ అని ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేని చిన్న టూల్ ఉంది. దాంతో పని అయిపోతే జీ హబ్ జోలికే వెళ్లకండి.

యాప్ ఎప్పుడూ రన్ అవుతూ ఉండాల్సిన పనులూ ఉన్నాయి. ఫోటోషాప్ ఓపెన్ చేస్తే ఒక ప్రొఫైల్, గేమ్ ఓపెన్ చేస్తే ఇంకో ప్రొఫైల్ మారాలంటే, ఏ విండో ముందుందో చూసే సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే. కీబోర్డ్‌తో కలిపి లైట్లు సింక్ కావాలన్నా అంతే. మీకు అవి రోజూ కావాలంటే ఉంచుకోండి, తప్పేం లేదు. ఉత్తినే లైట్ల కోసం అయితే మాత్రం నేను ఉంచను.

ర్యామ్ తింటుందని కాదు నా బాధ. 2021 ఆగస్టులో బయటపడిన సంగతి చూడండి. రేజర్ మౌస్ ప్లగ్ చేస్తే విండోస్ తనంతట తానే సినాప్స్ ఇన్‌స్టాలర్‌ని తెచ్చి, అడ్మిన్ కంటే పైనుండే సిస్టమ్ రైట్స్‌తో నడిపేది. ఫోల్డర్ ఎంచుకోమనే విండోలో షిఫ్ట్ నొక్కి రైట్ క్లిక్ చేస్తే పవర్‌షెల్ కూడా అవే రైట్స్‌తో తెరుచుకునేది. అంటే, మామూలు యూజర్ చేతిలో ఒక మౌస్ ఉంటే చాలు, ఆ పీసీ మొత్తం వాడిదే! రేజర్ తర్వాత దాన్ని సరిచేసింది. కానీ పెద్ద కంపెనీకే ఇలా అయితే, ఊరూపేరూ లేని మౌస్‌కి ఏదో సైట్లో దొరికిన జిప్ ఫైల్‌ని ఎలా నమ్ముతాం? డ్రైవర్ అప్‌డేటర్ అని వచ్చే యాడ్స్ అయితే అస్సలు క్లిక్ చేయకండి.

చవక మౌస్‌కి బటన్ మార్చాలంటే విండోస్‌లో ఎక్స్-మౌస్ బటన్ కంట్రోల్ అనే ఫ్రీ టూల్ సరిపోతుంది. లినక్స్ వాళ్లకి పైపర్ ఉంది, సపోర్ట్ ఉన్న మౌస్ లిస్ట్ చూసుకుని వేసుకోండి. కొత్త గేమింగ్ మౌస్‌లు కొన్నింటికి వెబ్ డ్రైవర్ వస్తోంది. కంపెనీ వెబ్‌సైట్ ఓపెన్ చేసి, మౌస్‌కి పర్మిషన్ ఇస్తే అక్కడే సెట్టింగ్స్ మార్చుకోవచ్చు. క్రోమ్, ఎడ్జ్‌లో పనిచేస్తుంది. రెండు మౌస్‌ల మధ్య ఊగుతుంటే నేను ఇదున్నదే తీసుకుంటాను.

ఇంకోటి, కర్సర్ కంట్రోల్‌లో లేదని డ్రైవర్ వెతికేవాళ్లు ముందు విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" ఆఫ్ చేసి చూడండి. పేరులో ప్రెసిషన్ ఉన్నా, అది మౌస్ యాక్సిలరేషన్. చెయ్యి ఎంత వేగంగా కదిపితే కర్సర్ అంత ఎక్కువ దూరం దూకుతుంది. చాలా గేమ్‌లు రా ఇన్‌పుట్ తీసుకుంటాయి కాబట్టి వాటిలో తేడా కనిపించకపోవచ్చు, డెస్క్‌టాప్ మీద మాత్రం వెంటనే తెలుస్తుంది. అలవాటు పడటానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు.