గోల్ కొట్టనివాణ్ని ఎలా తూచాలి?

కొత్త స్ట్రైకర్ వస్తున్నాడంటే చార్మినార్ చుట్టుపక్కల ఇరానీ హోటళ్లలో ఆ వాదన తొందరగానే తేలిపోతుంది. కిందటి సీజన్‌లో ఎన్ని గోల్స్ కొట్టాడు, ఏ లీగ్‌లో కొట్టాడు, వయసెంత అన్న మూడు ముక్కలు తెలిస్తే ఎవరి తీర్పు వాళ్లు చెప్పేయొచ్చు. చిక్కంతా మిడ్‌ఫీల్డర్ వచ్చినప్పుడే. 'ఏం చేస్తడు మియా ఈయన? గోల్ కొట్టడు, గోల్ ఆపడు' అని ఒకరంటే, 'నువ్వు సరిగ్గ చూడలే భాయ్' అని పక్క బల్ల మీంచి ఇంకొకరంటారు. చూపించడానికి ఇద్దరి దగ్గరా అంకె ఉండదు. అందుకే ఆ వాదన రాత్రి దుకాణాలు మూసేదాకా సాగుతుంది. నిజానికి అలా సాగాల్సిందే. ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే అర్థం చేసుకోవలసిన స్థానం అదే, అన్నిటికంటే అన్యాయం జరిగేదీ ఆ స్థానంలో ఆడేవాడికే.

మన ఊరి క్లబ్ కథే తీసుకుందాం. 2019 ఆగస్టులో పుణె సిటీ జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. చార్మినార్‌నీ కోహినూర్ వజ్రాన్నీ గుర్తుచేసే చిహ్నం, పసుపు రంగు జెర్సీ, గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం సొంత మైదానం. పాతబస్తీ నుంచి అక్కడికి 20 కిలోమీటర్లు. ఐటీ కంపెనీల పక్కన ఉన్న ఆ స్టేడియానికి సాయంత్రం ట్రాఫిక్‌లో వెళ్లి రావడం అంటే సగం రోజు పోయినట్టే. అయినా వెళ్లేవాళ్లు వెళ్లారు, డెక్కన్ లీజియన్ పేరుతో అభిమానుల సంఘమూ ఏర్పడింది. మొదటి సీజన్ మాత్రం చేదు మాత్ర. 18 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. ముందువరసలో మార్సెలీనో, బోబో లాంటి పేరున్న బ్రెజిల్ వాళ్లున్నా, జట్టు వేయించుకున్న గోల్స్ 39.

2020లో కొత్త కోచ్‌గా స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. అదే సమయంలో గ్రీస్‌లోని ఓఎఫ్‌ఐ క్రీట్ క్లబ్ నుంచి జొవావ్ విక్టర్ అనే బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్‌ను తెచ్చారు. అంతకుముందు స్పెయిన్‌లో మయోర్కాకు ఆడినవాడు, అప్పటికే ముప్ఫై దాటినవాడు. ఇలాంటి పేరు వినగానే అభిమానికి అనుమానాలు రావడం సహజం. వయసైపోయింది కదా? గోల్స్ ఏవి? అన్నిటికీ మించి, విదేశీ ఆటగాడి చోటు ఇతనికెందుకు?

ఈ చివరి ప్రశ్న చాలా పెద్దది. ఇండియన్ సూపర్ లీగ్‌లో విదేశీయులకు పరిమితి ఉంది. ఆ సీజన్‌లో ఒకేసారి అయిదుగురు బరిలో ఉండొచ్చు, మరుసటి సీజన్ నుంచి ఆ సంఖ్య నాలుగుకు తగ్గింది. నాలుగు చోట్లలో ఒకటి వెనక నిలబడి బంతి అందుకుని పక్కవాడికి ఇచ్చేవాడికి పోతే, ఇంకో స్ట్రైకర్‌కో వింగర్‌కో పోవలసిన చోటు తగ్గినట్టే. యూరప్ క్లబ్బుల అభిమానులకు ఈ బాధ ఇంతగా ఉండదు. మన దగ్గర మిడ్‌ఫీల్డర్ ఒప్పందం మీద వాదన వేడెక్కడానికి అసలు కారణం ఇదే. అందువల్ల ఆ ప్రశ్న వేసిన అభిమాని తెలియక అడిగాడని అనుకోకూడదు. అతను లెక్క సరిగ్గానే వేస్తున్నాడు. ఆ లెక్కలో ఒక పద్దు మాత్రం వదిలేస్తున్నాడు.

ఆ పద్దు ఏమిటో చూడాలంటే మధ్యలో ఆడేవాళ్లందరి పనీ ఒకటి కాదని ముందు గుర్తించాలి. రక్షణ వరసకు కాస్త ముందు నిలబడి ప్రత్యర్థి దాడిని మొదట్లోనే తుంచేవాడు ఒకడు, అతన్ని ఆటగాళ్లు ఆరో నంబర్ అంటారు. రెండు పెనాల్టీ బాక్సుల మధ్యా ఆగకుండా తిరిగేవాడు ఎనిమిదో నంబర్. స్ట్రైకర్ వెనక ఉండి చివరి పాస్ అందించేవాడు పదో నంబర్. వీపు మీద వేసుకునే అంకెతో వీటికి సంబంధం లేదు, ఇవి పనుల పేర్లు. కొత్తగా వచ్చినవాడు ఈ మూడింటిలో ఏ పనికి వచ్చాడో తెలుసుకోకుండా అతని గోల్స్ లెక్కపెట్టడం మొదలుపెడితే, ఆ వాదనకు ఇక మోక్షం లేదు.

పదో నంబర్‌ను తూచడం తేలిక. ఆరో నంబర్ దగ్గరే కళ్లు మోసం చేస్తాయి. అతను చేసే గొప్ప పనుల్లో ఎక్కువ భాగం జరగకుండా ఆగిపోయిన సంగతులు. ప్రత్యర్థి పాస్ ఇవ్వాలనుకున్న దారిలో ముందే వచ్చి నిలబడతాడు, దాంతో ఆ పాస్ పుట్టదు. ఏ పట్టికలోనూ అది ఎక్కదు. ట్యాకిళ్ల లెక్క కూడా నమ్మదగింది కాదు. సరైన చోట ఉన్నవాడికి జారుతూ వెళ్లి బంతి లాగవలసిన అవసరమే తక్కువగా వస్తుంది. పాస్‌ల శాతమూ అంతే. పక్కవాడికి, వెనకవాడికి ఇస్తూ పోతే ఎవరికైనా 90 శాతం వస్తుంది.

ఈ విషయంలో ప్రపంచానికి గుణపాఠం నేర్పిన పేరు క్లోద్ మకలేలే. 2003 వేసవిలో రియల్ మాడ్రిడ్ డేవిడ్ బెకమ్‌ను తెచ్చుకుని, జీతం పెంచమని అడిగిన మకలేలేను చెల్సీకి వదులుకుంది. జిదాన్, ఫీగో, రొనాల్డో, రౌల్, వాళ్లకు తోడు బెకమ్. కాగితం మీద ఆ జట్టును కొట్టేవాడు లేడు. కానీ 2003-04 లీగ్‌లో చివరి అయిదు మ్యాచ్‌లూ ఓడి నాలుగో స్థానంలో ఆగిపోయింది. మళ్లీ లీగ్ గెలవడానికి 2007 దాకా పట్టింది. చెల్సీ 2004-05లోనే ఇంగ్లండ్ విజేత అయింది. ఒక్క మకలేలే పోవడం వల్లే మాడ్రిడ్ పతనమైందని నేను అనను, కోచ్‌ను మార్చడం లాంటి వేరే తప్పులూ చేసింది. అయినా ముందున్న మహామహులు ధైర్యంగా ముందుకు పరిగెత్తడానికి వెనక ఒకడు ఆగి ఉండేవాడని, వాడు వెళ్లాకే అందరికీ తెలిసింది.

హైదరాబాద్‌లోనూ అదే జరిగింది, కాకపోతే మంచి దిశలో. జొవావ్ విక్టర్ వచ్చిన సీజన్‌లో జట్టు 20 మ్యాచ్‌ల్లో వేయించుకున్న గోల్స్ 19. ముందటి ఏటి 39 పక్కన పెట్టి చూడండి. కొత్త కోచ్, కొత్త డిఫెండర్లు కూడా వచ్చారు కాబట్టి ఆ ఘనత పంచుకోవలసిందే. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది కుడివైపు ఆశిష్ రాయ్, ఎడమవైపు ఆకాశ్ మిశ్రా. ఇద్దరూ కుర్రాళ్లు, ఇద్దరూ ఫుల్‌బ్యాక్‌లు, ఇద్దరూ అవతలి గోల్ దాకా పరిగెత్తేవాళ్లు. ఫుల్‌బ్యాక్ అలా వదిలేసి వెళ్తే వెనక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ ఎవరో కాస్తారన్న నమ్మకం లేకపోతే ఇరవై ఏళ్లవాడు అంత దూరం వెళ్లడు. రెండేళ్లు తిరక్కుండానే వీళ్ల కోసం పెద్ద క్లబ్బులు వరస కట్టాయి. ఆశిష్ ఏటీకే మోహన్ బగాన్‌కు, తర్వాత ఆకాశ్ ముంబై సిటీకి వెళ్లారు. జొవావ్ విక్టర్ విలువను ఎక్కడ వెతకాలని ఎవరైనా అడిగితే నేను ఈ ఇద్దరినీ చూపిస్తాను.

అభిమానికి ఇదంతా కనబడకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ గోవాలోనే నడిచాయి. మన ఊరి జట్టు తన ఉత్తమ ఆట ఆడుతున్న రోజుల్లో మన ఊరి జనం టీవీకే పరిమితమయ్యారు. టీవీ కెమెరా బంతి వెంట తిరుగుతుంది, ఆరో నంబర్ ఆట బంతికి దూరంగా జరుగుతుంది. ఇక కొత్త ఆటగాడి గురించి ఫోన్లలో తిరిగే అయిదు నిమిషాల వీడియోలైతే మరీ అన్యాయం. వాటిలో దూరం నుంచి కొట్టిన గోల్స్, చీల్చుకుపోయే పాస్‌లే ఉంటాయి, నిలబడిన తీరు ఉండదు.

2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. 68వ నిమిషంలో రాహుల్ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. 88వ నిమిషంలో బాక్స్ బయటి నుంచి బంతి నేలను తాకకముందే సాహిల్ తవోరా కొట్టిన దెబ్బ హైదరాబాద్‌ను బతికించింది. తవోరా మిడ్‌ఫీల్డరే, అదీ సబ్‌స్టిట్యూట్‌గా దిగినవాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మన వైపు పెనాల్టీలు సాధించినవాళ్లు జొవావ్ విక్టర్, సీజన్ మధ్యలో వచ్చిన మౌరిటానియా మిడ్‌ఫీల్డర్ ఖస్సా కమారా, చివరగా హాలీచరణ్ నర్జారీ. ఆ సీజన్‌లో 18 గోల్స్‌తో బంగారు బూటు గెలిచిన మన స్ట్రైకర్ ఒగ్బెచె గురించి ఊరంతా మాట్లాడుకుంది, మాట్లాడుకోవాల్సిందే. కానీ కప్పు వచ్చిన రాత్రి లెక్క తీస్తే నడి మైదానం వాళ్ల వాటా ఎంతో కళ్లకు కడుతుంది.

ఈ విద్య ఈ ఊరికి కొత్త కాదు. పాతబస్తీ దారుల్ ఉలూమ్ హైస్కూల్లోనూ, చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు దీన్ని దేశానికే నేర్పాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడింది. మన దేశంలో 4-2-4 పద్ధతికి దారి వేసినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటారు. ఆ పద్ధతిలో మధ్యన ఇద్దరే మిగులుతారు. ఇద్దరితో అంత మైదానం నడపాలంటే బంతి ఎవరి కాలి దగ్గరా ఆగకూడదు. అందుకే ఆయన కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. పోలీస్ జట్టు హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్ ఆ బడిలో తయారై రెండు ఒలింపిక్స్ ఆడాడు. రహీం సాబ్ కొడుకు హకీం కూడా మిడ్‌ఫీల్డరే. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో చోటు దక్కింది గాని తండ్రి కోచ్‌గా ఉన్న ఆ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

అప్పట్లో కొత్త ఆటగాడి మీద వాదన కలకత్తాలో జరిగేది, వచ్చేవాడు హైదరాబాద్ వాడు. 1957లో తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు, 1966లో మహమ్మద్ హబీబ్ వెళ్లారు. హబీబ్ ముందువరస వెనక ఉండి ఆట నడిపేవారు, అవసరమైతే తన గోల్ దాకా వెనక్కి పరిగెత్తి బంతి లాక్కొచ్చేవారు. కలకత్తా ఆయన్ని బడే మియా అని పిలుచుకుంది. 1977 సెప్టెంబర్‌లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు, అందులో ఒక గోల్ హబీబ్‌ది. అక్కడి జనానికి ఉన్న అదృష్టం ఏమిటంటే, వాళ్లు ఆయన్ని కెమెరా కంటితో కాక గ్యాలరీ నుంచి చూశారు. మైదానం మొత్తం ఒకేసారి కళ్ల ముందు ఉంటుంది కాబట్టి పరుగులన్నీ కనిపించేవి.

ఇప్పుడైనా స్టేడియానికి వెళ్తే ఒక పని చేయండి. పది నిమిషాలు బంతిని వదిలేసి కొత్తగా వచ్చినవాణ్నే చూడండి. బంతి అందకముందే భుజం మీంచి వెనక్కి చూస్తున్నాడా? మొదటి తాకుడుతో బంతి ఖాళీ ఉన్న వైపు వెళ్తోందా, లేక మీదికొచ్చే ప్రత్యర్థి కాళ్లలోకి వెళ్తోందా? మనవాళ్లు బంతి పోగొట్టుకున్న క్షణాన అతను ఎక్కడున్నాడు? తర్వాత అతని పక్కవాళ్లను చూడండి. కిందటి నెల వెనకే ఉండిపోయిన ఫుల్‌బ్యాక్ ఇప్పుడు ముందుకు వెళ్తున్నాడా? నాలుగైదు మ్యాచ్‌లు ఇలా చూస్తే హోటల్లో వాదించడానికి గట్టి సరుకు దొరుకుతుంది. అంతవరకూ ఎవరినీ 'పనికిరాడు' అనకపోవడం మంచిది.

ఇంత చెప్పాక ఒక బాధ కూడా చెప్పాలి. 2022 ఫైనల్లో మొదట బరిలోకి దిగిన పదకొండు మందిలో హైదరాబాద్ కుర్రాడు ఒక్కడూ లేడు. 1956 ఒలింపిక్స్ భారత జట్టులో అజీజుద్దీన్, నూర్, జుల్ఫికరుద్దీన్, బలరాం, తంగరాజ్ అంటూ ఈ ఊరి పేర్లు వరసగా వినిపించేవి. గెలిచినందుకు నేనూ ఎంతో సంతోషించాను, కానీ ఆ గెలుపు మన ఊరి బార్కస్ బస్తీ మైదానాల్లోకి దిగలేదు. 2023-24 వచ్చేసరికి జీతాలు ఆగి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడి, జట్టు 8 పాయింట్లతో మళ్లీ అడుక్కి చేరింది. విదేశీయుల్లో చివరిదాకా కుర్రాళ్లతో నిలబడినవాడు జొవావ్ విక్టర్. 2024లో క్లబ్ బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లింది, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.

వరసగా రెండేళ్లు, 2023లోనూ 2024లోనూ, ఐ-లీగ్‌లో రెండో స్థానం తెచ్చుకున్న ఇంకో క్లబ్ శ్రీనిధి డెక్కన్ మైదానం అజీజ్‌నగర్‌లో ఉంది. అక్కడికైనా, రేపు పుట్టబోయే మరో క్లబ్‌కైనా విదేశీ మిడ్‌ఫీల్డర్ వచ్చాడని తెలిస్తే నేను అతని పాత వీడియోలు వెతకను. అతను రోజూ సాధన చేసే చోట, బార్కస్ నుంచో బొల్లారం నుంచో వచ్చిన పదిహేడేళ్ల కుర్రాడు పక్కనే ఆడుతున్నాడా అని కనుక్కుంటాను. లేడని తెలిస్తే, వచ్చినవాడు ఎంత గొప్పవాడైనా, ఆ ఒప్పందం సగమే అయిందని ఏ హోటల్లోనైనా కూర్చుని వాదిస్తాను.