మీకు తెలుసా? ఓరియెంట్ నడిపించిన దారి

అమెరికాలో జార్జియా నుంచి మెయిన్ దాకా 14 రాష్ట్రాల కొండలు, అడవుల మీదుగా సాగే అపలాచియన్ ట్రెయిల్ పొడవు దాదాపు 3,500 కిలోమీటర్లు. 1990లో బిల్ ఇర్విన్ దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు. ఆయనకు చూపు లేదు. తోడు వచ్చింది ఓరియెంట్ అనే జర్మన్ షెపర్డ్ జాతి సహాయక కుక్క. మార్చిలో బయల్దేరి నవంబరులో ముగించారు. ఈ దారి మొత్తం నడిచిన తొలి అంధుడు ఆయనే. రాళ్ల మీద, బురదలో లెక్కలేనన్నిసార్లు పడి లేచారు. ఓరియెంట్ తన వీపు మీద తన మూట తానే మోసింది. నా దృష్టిలో ఆ ఘనతలో సగం దానిదే.

దారి ముగిసే కటాడిన్ శిఖరం బాక్‌స్టర్ స్టేట్ పార్కులో ఉంది. అక్కడికి పెంపుడు కుక్కల్ని రానివ్వరు. ఓరియెంట్ లాంటి సహాయక కుక్కలకే మినహాయింపు. అడవి జంతువుల క్షేమం కోసం పెట్టిన ఈ కట్టడి న్యాయమైనదే.

కుక్కను ఇలాంటి దారుల్లో వెంట తీసుకెళ్లేవారికి మరో సంగతి: దానికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తల్లో కాస్త పడుతుంది. ఒంటి వేడి ముఖ్యంగా రొప్పడం వల్లే తగ్గుతుంది. అందుకే కుక్కతో కొండబాటల్లో పరిగెత్తేవారు చల్లటి వేళ చూసుకుని, దాని వాటా నీళ్లు కూడా మోసుకెళ్తారు.