బత్తీర్: వారానికి ఎనిమిది రోజులున్న ఊరు

పాలస్తీనా అనగానే మనకు గుర్తొచ్చేవి టీవీలో కనిపించే పొగ, శిథిలాలు, చర్చలు. ఈ వారం అక్కడి ఒక చిన్న పల్లెటూరి గురించి చెబుతాను. దాని పేరు బత్తీర్. జెరూసలేంకు నైరుతిగా, బెత్లెహేంకు పడమరగా, కొండ వాలులో ఉంటుంది. కంప్యూటర్ల ఉద్యోగం నాది, అంకెల పట్టికలు చూడటం అలవాటు. అందుకని ముందు జనాభా లెక్కలే చెబుతాను.

బ్రిటిష్ వాళ్ళు 1922లో తీసిన లెక్కల్లో ఈ ఊరి జనం 542 మంది. 1931లో 172 ఇళ్ళు, 758 మంది. 1945 నాటికి 1,050. పాలస్తీనా వాళ్ళే తీసిన 2007 లెక్కల్లో 3,967. చూడగానే, ఏ ఒడుదుడుకులూ లేకుండా నెమ్మదిగా పెరిగిన ఊరనిపిస్తుంది కదా? 1948లో ఈ ఊరు దాదాపు ఖాళీ అయిపోయిందన్న సంగతి ఈ నాలుగు అంకెల్లో ఎక్కడా కనబడదు. అసలు కథ అక్కడే ఉంది.

ఊరు చాలా పాతది. రోమన్లమీద తిరగబడ్డ బార్ కోఖ్బా చివరి కోట బేతార్ క్రీ.శ. 135లో కూలిపోయింది ఇక్కడే అంటారు. ఊటబావి దగ్గర రెండు రోమన్ పటాలాల పేర్లున్న శాసనం దొరికింది. ఆ ఊటనీరు ఇప్పటికీ ఒక పాతకాలపు కొలనులో చేరి, రాతి కాలవల గుండా, మెట్లుమెట్లుగా కట్టిన మడుల్లోకి పారుతుంది. అక్కడ ఆకుకూరలు, కూరగాయలు పండిస్తారు. బత్తీర్ వంకాయకు ఆ చుట్టుపక్కల మంచి పేరు. మనం గుత్తివంకాయలో కారం కూరినట్టు వాళ్ళు బియ్యం, మాంసం కూరి వండుకుంటారు.

ఇక నీళ్ళ పంపకం సంగతి. ఊళ్ళో ప్రధానమైన వంశాలు ఎనిమిది. ఒక్కో వంశానికి ఒక్కో రోజు నీళ్ళు. అందుకే "బత్తీర్‌లో వారానికి ఎనిమిది రోజులు" అన్న మాట పుట్టింది. గుర్తులు పెట్టిన కర్రతో కొలను లోతు కొలిచి, ఆ రోజు వంతు నీళ్ళను ఆ వంశంలోని కుటుంబాలు పంచుకుంటాయి. మన చెరువుల కింద తూము దగ్గర వంతులు పెట్టుకున్నట్టే అన్నమాట. మా ఉద్యోగాల్లో దీన్ని రౌండ్ రాబిన్ అంటాం. ఇందులో ఒక చక్కని లెక్క ఉంది చూడండి. ఈసారి శుక్రవారం వంతు వచ్చిన వాళ్ళకు మళ్ళీ వచ్చేది శనివారం, ఆ పైసారి ఆదివారం. అంటే ప్రార్థనల రోజున పొలంలో ఉండవలసిన ఇబ్బంది ఎప్పుడూ ఒకే ఇంటిమీద పడదు. 56 రోజులకు చక్రం మళ్ళీ మొదటికొస్తుంది.

1892లో యాఫా నుంచి జెరూసలేంకు రైలు వేశారు. అది ఈ లోయలోంచే వెళ్ళింది, ఊరికి ఒక స్టేషను కూడా వచ్చింది. ఆడవాళ్ళు కూరగాయల బుట్టలతో రైలెక్కి పట్నంలో అమ్ముకొచ్చేవారు. తర్వాత ఆ రైలే ఊరికి గండంగానూ, రక్షగానూ మారింది.

1948 యుద్ధంలో జనం చాలామంది పారిపోయారు. హసన్ ముస్తఫా అనే చదువుకున్న వ్యక్తి కొద్దిమందితో కలిసి ఊళ్ళోనే ఉండిపోయాడు. ఇళ్ళల్లో దీపాలు వెలిగించడం, బట్టలు ఆరేయడం వంటి పనులతో, దూరం నుంచి చూసే సైనికులకు ఊరినిండా జనం ఉన్నట్టే కనిపించేలా చేశారు. 1949 ఏప్రిల్ 3న ఇజ్రాయెల్, జోర్డాన్‌ల మధ్య రోడ్స్‌లో ఒప్పందం కుదిరింది. రైలుపట్టా ఇజ్రాయెల్‌కు పోయింది. ఊరి భూమిలో సుమారు 30 శాతం గీతకు అవతల పడింది. కానీ ఒక ఏర్పాటు జరిగింది: రైలుకు ఏ హానీ జరగకుండా మీరు చూసుకోండి, అవతలి పొలాలు మీరే సాగు చేసుకోండి అని. వెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగొచ్చారు. ఊరు 1967లో ఇజ్రాయెల్ ఆక్రమణలోకి వెళ్ళిన తర్వాత కూడా వాళ్ళు ఆ పొలాలు దున్నుకుంటూనే ఉన్నారు.

2000 తర్వాత ఇజ్రాయెల్ సైన్యం ఈ పట్టా వెంట గోడ కట్టాలనుకుంది. కడితే కాలవలు, మడులు తెగిపోతాయి. ఊరివాళ్ళు, ఒక పర్యావరణ సంస్థ కలిసి ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. విశేషమేమిటంటే, ఇజ్రాయెల్ ప్రభుత్వానికే చెందిన ప్రకృతి, ఉద్యానవనాల శాఖ కూడా ఆ గోడ వల్ల మడులకు నష్టమని చెప్పింది. 2014లో యునెస్కో ఈ కొండవాలును ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించి, అప్పుడే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో కూడా చేర్చింది. 2015 జనవరిలో కోర్టు దగ్గర గోడ ఆగింది. అయితే కథ అంతటితో సుఖాంతం కాలేదు. 2024 ఆగస్టులో ఆ వారసత్వ ప్రాంతంలోనే నహాల్ హెలెట్జ్ అనే కొత్త ఇజ్రాయెలీ సెటిల్మెంటుకు ప్రభుత్వం ఆమోదం తెలిపింది.

రెండు దేశాల మధ్య ఎవరిది న్యాయం అన్న పెద్ద చర్చ పది నిమిషాల ప్రసంగంలో తేలేది కాదు. ఈ ఊరి చరిత్రలో నాకు అర్థమైంది మాత్రం ఒకటుంది. అక్కడ భూమిని నిలబెట్టింది ఒక్క పట్టా కాగితమే కాదు, రోజూ దానిమీద జరిగిన పని. సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలవి. వానాకాలంలో జారిన రాయిని ఎవరో ఒకరు మళ్ళీ ఎత్తి పెట్టాలి. జనాభా పెరిగినా మడులు పెరగవు, జీతాలు పట్నంలో ఉంటాయి, పిల్లలు అటు వెళతారు. గోడ కోర్టులో ఆగవచ్చు గానీ, నీళ్ళ వంతు అందుకునే చేతులు ఇంట్లో లేకపోతే ఏ జాబితా ఆ మడిని కాపాడలేదు. ఊళ్ళు వదిలి ఇంత దూరం వచ్చిన మనకు ఈ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మీ పిల్లలతో కూర్చుని మ్యాపులో ఒకసారి బత్తీర్‌ను వెతకండి. రైలుపట్టా, దానికి ఇరువైపులా పచ్చని మెట్లు కనిపిస్తాయి. వచ్చే వారం మరో విషయంతో కలుద్దాం. సెలవు.