రేడియేటరులో ఏ నీరు పోయవలెను?

ఎండాకాలములో శంషాబాదు విమానాశ్రయము నుండి జల్‌పల్లి వైపు పోవు దారిలో ఒక కారు ఆగి, ముందుభాగము నుండి ఆవిరి చిమ్ముచున్నదనుకొందము. డ్రైవరు సమీపమునగల బోరు నుండి బిందెడు నీరు తెచ్చి పోయును. బండి కదలును. కాని ఆ నీటితోపాటు ఇంజనులోనికి ఇంకేమి ప్రవేశించినది?

ఇంజనులో ఇంధనము మండగా పుట్టిన వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే బండిని నడుపుటకు ఉపయోగపడును. కొంత పొగగొట్టము ద్వారా పోవును. మిగిలిన దానిలో అధికభాగమును నీరు మోసికొనిపోవలెను. పంపు ఈ నీటిని సిలిండర్ల చుట్టునున్న సందుల గుండ త్రిప్పును. రేడియేటరులోని సన్నని గొట్టములలో అది గాలివలన చల్లబడి మరల ఇంజనును చేరును. 1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మోటారుబండిలో నీరు మరిగి ఆవిరియై పోవుచుండెడిది. మాటిమాటికి నీరు పోయవలసి వచ్చెడిది. నేటి కారులో నీరు మూసిన వలయములో తిరుగును. మాటిమాటికి తగ్గుచున్నచో ఎక్కడనో కారుచున్నదని గ్రహింపవలెను.

హైదరాబాదు చుట్టుపట్ల నేల గ్రానైటు రాయి. దాని పగుళ్ళలో నిలిచిన బోరునీటికి అనేకచోట్ల కాఠిన్యము హెచ్చు. అందులో కరిగియున్న కాల్షియమ్ బైకార్బనేటు వేడికి విడిపోయి, కాల్షియమ్ కార్బనేటుగా మారి, గోడలకు అంటుకొనును. నీళ్ళు కాచు గిన్నె అడుగున కట్టు తెల్లని పెంకు ఇదియే. లోహముతో పోల్చినచో ఈ పెంకు వేడిని మిక్కిలి స్వల్పముగా ప్రసరింపజేయును. లీటరుకు 500 మిల్లీగ్రాముల కాఠిన్యముగల నీటిని రోజుకు అరలీటరు చొప్పున పోసినచో, ఏడాదిలో సుమారు 90 గ్రాముల సున్నపుపదార్థము లోనికి చేరును. అంతయు పెంకు కట్టకపోవచ్చును. కాని నీరు ఆవిరియై పోయినప్పుడు లవణములు మాత్రము లోపలనే మిగులును.

కావున స్వేదనజలమును, బండి తయారీదారు సూచించిన కూలెంటును తగు పాళ్ళలో కలిపి పోయవలెను. మన ప్రాంతములో నీరు గడ్డకట్టదు గదా, కూలెంటు ఏల యని కొందరందురు. అందలి గ్లైకాలు నీటి మరుగుస్థానమును కూడ పెంచును. ఇతర ద్రవ్యములు తుప్పును అరికట్టును. ఈ ద్రవ్యముల శక్తి కాలక్రమమున తగ్గును గనుక దానిని నిర్ణీత గడువునకు మార్చవలెను.

శుభ్రపరచుటకు ముందు ఇంజను పూర్తిగా చల్లారవలెను. సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్న హైదరాబాదులో నీరు సుమారు 98 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగును. రేడియేటరు మూత లోపలి పీడనమును నిలిపి ఆ స్థానమును 120 డిగ్రీల దాపునకు చేర్చును. వేడిమీద మూత విప్పినచో పీడనము ఒక్కసారిగా పడిపోయి, మరుగునీరు ముఖముమీదికి చిమ్మును.

చల్లారిన పిదప మూత తీసి, అడుగునగల మరను విప్పి, పాత ద్రవమును పాత్రలోనికి దింపవలెను. స్వేదనజలము నింపి, ఇంజనును కొంతసేపు నడిపి, చల్లార్చి దింపవలెను. తేటనీరు వచ్చువరకు ఇట్లే చేయవలెను. పెంకు పోవుటకు ఆమ్లమును గాని కాస్టిక్ సోడాను గాని వాడరాదు. రెండును అల్యూమినియమును తినివేయును. కొత్త ద్రవమును మెల్లగా పోసి, మూత తెరచియుంచి ఇంజనును నడిపినచో లోని గాలి బుడగలుగా వెడలును. థర్మోస్టాటు తెరచుకొని పైగొట్టము వెచ్చబడిన తరువాత, తగ్గినంత పోసి మూత బిగింపవలెను. మరునాడు చల్లని ఇంజనులో మట్టమును తిరిగి చూడవలెను. రేడియేటరు రేకుల నడుమ చిక్కిన దుమ్మును, పురుగులను మెల్లని నీటిధారతో కడుగవలెను.

దింపిన పాత కూలెంటు విషము. ఎథిలీన్ గ్లైకాలు తీయగా నుండుటచే కుక్కలు, పశువులు త్రాగును. పిల్లలును రుచి చూడవచ్చును. దానిని కాలువలోనికి గాని, జల్‌పల్లి చెరువువంటి జలాశయములలోనికి గాని విడువరాదు. మూతగల డబ్బాలో పోసి, పేరు వ్రాసి, సర్వీసు కేంద్రమునకు అప్పగింపవలెను.

దారిలో బండి వేడెక్కి వేరు గతి లేనప్పుడు, ఇంజను చల్లారిన పిదప బోరునీరు పోసి ఇల్లు చేరుట తప్పుకాదు. చేరిన పిదప ఆ నీటిని దింపి, అది ఏల తగ్గినదో కనుగొనుటయే అసలు మరమ్మతు.